లెవెల్ 9: అన్నదమ్ముల ఆటల సంస్థపై అపోహలు - వాస్తవాలు

1980ల నాటి హోమ్ కంప్యూటర్ ఆటల టేపులను భద్రపరిచే పనిలో ఉన్న మాకు తరచూ తారసపడే పేర్లలో బ్రిటన్‌కు చెందిన లెవెల్ 9 కంప్యూటింగ్ ఒకటి. పీట్, మైక్, నిక్ అనే ముగ్గురు ఆస్టిన్ సోదరులు 1981లో దీన్ని స్థాపించారు. తెరపై కనిపించే వర్ణన చదివి, ఏం చేయాలో మాటల్లో టైపు చేస్తూ ముందుకు సాగే సాహస క్రీడలకు ఇది పేరు మోసింది. ఈ సంస్థను అభిమానించేవారి మాటల్లోనూ, తేలిగ్గా తీసిపారేసేవారి మాటల్లోనూ కొన్ని అపోహలు స్థిరపడిపోయాయి.

అపోహ: ఇంటివాళ్లు కలిసి నడిపిన సంస్థ కాబట్టి ఇది సరదా వ్యాపకం లాంటిదే.

వాస్తవం: ఆరంభం చిన్నదే. నాస్‌కామ్ అనే ఇంటి కంప్యూటర్‌లోని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కొత్త ఆదేశాలను చేర్చే ప్రోగ్రామ్ వారి తొలి సరుకు. పత్రికల్లో ప్రకటనలిచ్చి టేపులను పోస్టులో పంపేవారు. అయితే వారి అసలు బలం ఆ వ్యాపారంలో కాక, దాని వెనుక నిర్మించుకున్న సాంకేతిక వ్యవస్థలో ఉంది. ఆటను ఏ ఒక్క యంత్రం భాషలోనూ రాయకుండా, ఎ-కోడ్ అనే తమ సొంత సంకేత భాషలో ఒకసారి రాసేవారు. దాన్ని చదివి నడిపే చిన్న ప్రోగ్రామ్‌ను మాత్రం ఒక్కో కంప్యూటర్‌కు విడిగా తయారుచేసేవారు. బీబీసీ మైక్రో, స్పెక్ట్రమ్, కమోడోర్ 64, ఆమ్‌స్ట్రాడ్, ఒరిక్, అటారీ వంటి పొంతన లేని యంత్రాలన్నిటికీ కొద్దిమంది మనుషులే ఆటలు అందించగలిగారంటే కారణం ఇదే. దీన్ని వ్యాపకమనడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

అపోహ: ఈ ఎ-కోడ్ పద్ధతి, ఇలాంటి మాటల ఆటలే తయారుచేసిన అమెరికా సంస్థ ఇన్ఫోకామ్ నుంచి అరువు తెచ్చుకున్నది.

వాస్తవం: ఇన్ఫోకామ్‌కూ ఇటువంటి వ్యవస్థే ఉన్న మాట నిజం. అయితే ఎ-కోడ్‌పై కనిపించే ప్రభావం కేంబ్రిడ్జ్‌లో పుట్టిన బీసీపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషది. పైగా ఇద్దరి ఇబ్బందులూ వేరు. ఇన్ఫోకామ్ ఆటలు డిస్కుపై నడిచేవి కాబట్టి, కావలసిన వాక్యాన్ని ఆట మధ్యలో డిస్కు నుంచి తెచ్చుకోగలిగేవి. బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లలో ఉన్నది క్యాసెట్ రికార్డరు మాత్రమే. టేపు ఒకసారి లోడయ్యాక, ఆట మొత్తం మెమరీలోనే ఇమిడి ఉండాలి. బీబీసీ మైక్రో మోడల్ బి లో ఆ మెమరీ మొత్తం 32 కిలోబైట్లే.

అందుకే వారు వాక్యాలను కుదించారు. పదేపదే వచ్చే అక్షరాల గుంపులను ఏరి, ఒక్కో గుంపు స్థానంలో ఒక్కో సంకేతాన్ని పెట్టారు. ఆ గుంపుల లోపల మళ్లీ వేరే గుంపుల సంకేతాలు ఉండవచ్చు. ఈ ఆటల తొలినాటి ఫైలును బైట్ల రూపంలో తెరిచి చూస్తే చదవదగిన వాక్యం ఒక్కటీ కనబడదు, ఎందుకంటే మిగిలిన విడి అక్షరాలకు కూడా మామూలు ఆస్కీ విలువలు (ఒక్కో అక్షరానికి కంప్యూటర్లు సాధారణంగా వాడే సంఖ్యలు) వాడలేదు. టేపు పాడైపోయిందని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు కంగారుపడేది ఇక్కడే. ఆ బైట్లను వరుసగా విప్పుకుంటూ పోతే గుహ గోడలు, దీపం, వంతెన ఒక్కొక్కటిగా బయటపడతాయి.

అపోహ: లెవెల్ 9 వారి కొలోసల్ అడ్వెంచర్ ఆట కేవలం నకలు.

వాస్తవం: దీని మూలం క్రౌథర్, వుడ్స్ అనేవారు 1970లలో పెద్ద కంప్యూటర్లపై రాసిన గుహ సాహసం. దాన్ని ఇంటి కంప్యూటర్‌లో పట్టించడమే గొప్ప అనుకుంటే, లెవెల్ 9 వారు చివరి ఘట్టాన్ని పెంచి సుమారు 70 గదులను అదనంగా చేర్చారు.

అపోహ: స్నోబాల్ ఆటలో 7,000 ప్రదేశాలున్నాయన్న ప్రకటన పచ్చి అబద్ధం.

వాస్తవం: 1983 నాటి ఈ ఆటలో నక్షత్రాల మధ్య ప్రయాణించే వలస నౌకలో, శీతల నిద్ర నుంచి మేల్కొన్న వ్యక్తిగా మనం ఆడతాం. అన్ని ప్రదేశాలూ నిజంగానే ఉన్నాయి, వాటిలో తిరగవచ్చు కూడా. అయితే సుమారు 6,800 ప్రదేశాలు నిద్రిస్తున్న ప్రయాణికుల విభాగంలోనివి. రంగుల గుర్తులు తప్ప వాటి వర్ణనలో తేడా ఉండదు. ఒకే వర్ణనతో వేల గదులను చూపిన ఆ ప్రకటన కొనుగోలుదారును కొంత తప్పుదోవ పట్టించిందని ఒప్పుకోవాలి. కానీ రంగుల గుర్తులను బట్టి తానెక్కడ ఉన్నదీ ఆటగాడు లెక్కగట్టుకోవాల్సిన చిక్కుముడి కూడా అదే. అంత పెద్ద నౌకలో ఒంటరిగా ఉన్నామన్న భావన మిగతా గదుల కంటే అక్కడే గాఢంగా కలుగుతుంది.

అపోహ: బొమ్మల ఆటలు రాగానే ఈ సంస్థ చేతులెత్తేసింది.

వాస్తవం: 1980ల మధ్య నుంచే వారు తమ ఆటలకు బొమ్మలు చేర్చారు. మొదట్లో బొమ్మను చుక్కలుగా దాచకుండా, ఎక్కడ గీత గీయాలో, ఎక్కడ రంగు నింపాలో చెప్పే ఆదేశాల వరుసగా దాచారు. నైట్ ఆర్క్‌ను 1987లో రెయిన్‌బర్డ్, లాన్సెలాట్‌ను 1988లో మాండరిన్ ప్రచురించగా, 1989లో స్కేప్‌గోస్ట్ వచ్చింది. ఆ తరవాత వారు వేరే తరహా ఆటలకు మళ్లారు; 1991 నాటి ఛాంపియన్ ఆఫ్ ద రాజ్ భారతదేశంపై ఆధిపత్యం కోసం జరిగే పోరును కథావస్తువుగా తీసుకున్న వ్యూహ క్రీడ. మాటల ఆటలకు గిరాకీ పడిపోవడంతో 1991 జూన్‌లో సంస్థ మూతపడింది.

అపోహ: ఒక యంత్రం టేపు దొరికితే మిగతావి అక్కర్లేదు.

వాస్తవం: ఎ-కోడ్‌ను చదివే ప్రోగ్రామ్‌లు నేటి కంప్యూటర్లకూ ఉన్నాయి కాబట్టి, ఏ టేపు దొరికినా కథ మనకు దక్కుతుంది. అయితే మెమరీ చాలని యంత్రాలకు బొమ్మలు తీసేసి ఇచ్చేవారు. అదే ఆట బీబీసీ టేపులో మాటలతో సరిపెట్టుకుంటే, స్పెక్ట్రమ్ టేపులో బొమ్మలతో ఉండవచ్చు. అందువల్ల ఒకే పేరున్న టేపులు రెండు యంత్రాలవి చేతికొస్తే, రెంటినీ విడివిడిగా నకలు తీసి, ఏది ఏ యంత్రానిదో స్పష్టంగా రాసి పెట్టాలి.