మెల్‌బోర్న్ కప్: వీపు మీద బరువు చూడకుండా పుట్టిన అపోహలు

ఏటా నవంబరు మొదటి మంగళవారం ఆస్ట్రేలియాలోని ఫ్లెమింగ్టన్ రేసుకోర్సులో జరిగే గుర్రప్పందెం మెల్‌బోర్న్ కప్ చుట్టూ కథలకు కొదవ లేదు. చాలావాటిలో ఒక్క సంగతే మరుగున పడుతుంది: ఇది హ్యాండిక్యాప్ పందెం. ఎంత గట్టి గుర్రమైతే అంత బరువు మోయాలి.

అపోహ: తొలి విజేత ఆర్చర్ 800 కిలోమీటర్లు నడిచొచ్చి గెలిచింది.

నడవలేదు, ఓడెక్కి వచ్చింది. 1861లో ట్రైనర్ ఎటియెన్ డి మెస్ట్రే దాన్ని మరో రెండు గుర్రాలతో కలిపి సిడ్నీ నుంచి ఆవిరి ఓడలో మెల్‌బోర్న్ చేర్చాడు. కాస్త ఆలోచిస్తే తెలిసిపోయే విషయమే. పందేనికి తయారైన థరోబ్రెడ్‌ను (పందేల కోసమే పెంచే జాతి గుర్రం) వారాల తరబడి నడిపిస్తే డెక్కలు అరుగుతాయి, ఒళ్లు చిక్కిపోతుంది, దౌడు సాధన ఆగిపోతుంది. ఆ పందెంలో 17 గుర్రాలు దిగాయి. మూడు పడిపోయాయి, వాటిలో రెండు చచ్చిపోయాయి. ఆర్చర్ మోర్మన్‌ను ఆరు లెంగ్తుల తేడాతో ఓడించింది. లెంగ్తంటే ఒక గుర్రం పొడవు, సుమారు 2.4 మీటర్లు.

అపోహ: 1863లో ఆర్చర్ దిగి ఉంటే మూడో కప్పు ఖాయం.

ఎంట్రీ ఖాయం చేస్తూ పంపిన టెలిగ్రాం, ఆ రోజు సెలవు కావడంతో, గడువు దాటాక అందింది, నిర్వాహకులు ఒప్పుకోలేదు. నిరసనగా పలువురు యజమానులు తప్పుకోవడంతో ఏడు గుర్రాలే మిగిలాయి. అంత తక్కువ గుర్రాలతో ఈ కప్పు మళ్లీ జరగలేదు. ఇంతవరకూ నిజమే. కానీ బరువులు చూడండి. 1861లో ఆర్చర్ మోసింది 9 స్టోన్ల 7 పౌండ్లు, అంటే 60.3 కిలోలు. 1862లో మళ్లీ గెలిచినప్పుడు 64.4. మూడో ఏడు దానికి కేటాయించింది 71.7 కిలోలు! అంత మోతతో రెండు మైళ్లు గెలవడాన్ని ఖాయం అనడం సాహసమే.

పాత రికార్డులు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 9.12 అని ఉంటే దశాంశం అనుకుని లెక్క తప్పేవాళ్లున్నారు. అది తొమ్మిది స్టోన్ల పన్నెండు పౌండ్లు. స్టోనుకు 14 పౌండ్లు, అంటే 6.35 కిలోలు.

అపోహ: ఇక్కడ ఓడితే గొప్ప గుర్రం కాదు.

ఫార్ ల్యాప్ అనే గుర్రాన్ని చూడండి. 1930లో 62.6 కిలోలు మోసి మూడు లెంగ్తుల తేడాతో గెలిచింది. 1931లో 68 కిలోలు మోసి ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాలో వాడే మోటు లెక్క ప్రకారం ఒకటిన్నర కిలో ఒక లెంగ్తుకు సమానం. ఆ లెక్కన అదనంగా పడ్డ 5.4 కిలోలు మూడున్నర లెంగ్తులు. అంతకుముందు గెలిచిన తేడా అక్కడే హరించుకుపోయింది. ఎనిమిదో స్థానానికి బరువొక్కటే కారణం అనలేం గానీ, ఆ లెక్క పక్కనపెట్టి తీర్పు చెప్పడం అన్యాయం. అందుకే మేకైబీ దివా గెలుపులు అంత అరుదైనవి. 2003లో 51, 2004లో 55.5, 2005లో 58 కిలోలు. ఏడాదికేడాది మోత పెరిగినా ఆ ఆడగుర్రం మూడుసార్లూ గెలిచింది. మూడుసార్లు ఈ కప్పు గెలిచిన గుర్రం అదొక్కటే.

అన్నట్టు, ఫార్ ల్యాప్ పుట్టింది న్యూజిలాండ్‌లో, మేకైబీ దివా ఇంగ్లండ్‌లో. రెండింటినీ ఆస్ట్రేలియా తనవిగానే చెప్పుకుంటుంది.

అపోహ: కేటాయించిన బరువంటే జాకీ (గుర్రమెక్కి నడిపే రౌతు) బరువు.

జాకీ, జీను కలిపి తూచగా ఎంత తక్కువైతే అంత సీసం జీను కింద సంచుల్లో పెడతారు. కొరడా, తలకు పెట్టుకునే హెల్మెట్ లెక్కలోకి రావు. గుర్రం కదలికకు తగ్గట్టు జాకీ ఒళ్లు కదులుతుంది, సీసం కదలదు. అందుకే చాలామంది ట్రైనర్లకు సీసం ఎక్కువ ఉండడం నచ్చదు. పందెం అయ్యాక మళ్లీ తూకం ఉంటుంది. అరకిలో కన్నా ఎక్కువ తగ్గితే గెలిచిన గుర్రమైనా అనర్హమే. తూకం సరిపోయిందని ప్రకటించాకే పందెం డబ్బు చెల్లిస్తారు.

అపోహ: బయలుదేరేచోట బయటి అంచు గేటు పడితే పని అయిపోయినట్టే.

తక్కువ దూరపు పందేల్లో అది నిజమే కావచ్చు. ఫ్లెమింగ్టన్ చుట్టు కొలత 2312 మీటర్లు, కప్పు దూరం 3200. అంటే గుర్రాలు గెలుపు గీతకు 888 మీటర్ల వెనక నుంచి బయలుదేరి, దాన్ని ఒకసారి దాటాకే మొదటి మలుపు తిరుగుతాయి. 24 గుర్రాలున్నా లోపలి వైపు జరగడానికి తగినంత దూరం ఉంటుంది. తొందరపడి మొదటి 400 మీటర్లలోనే లోపలికి దూరాలనుకునే జాకీయే చివరి పరుగుకు గుర్రంలో శక్తి మిగలకుండా చేసేస్తాడు.

అపోహ: మొదటి నుంచీ మంగళవారం, 3200 మీటర్లు, మూడు పిడుల బంగారు కప్పు.

మూడూ తర్వాత వచ్చినవే. మంగళవారం 1875 నుంచి స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1942 నుంచి 1944 దాకా శనివారాల్లో నడిపారు. మూడు పిడుల కప్పు 1919 నాటిది. దూరం 1971 వరకు రెండు మైళ్లు, అంటే 3218.7 మీటర్లు. అందుకే 1968లో రెయిన్ లవర్ నమోదు చేసిన 3 నిమిషాల 19.1 సెకన్లను 1990లో కింగ్‌స్టన్ రూల్ సాధించిన 3 నిమిషాల 16.3 సెకన్లతో పోల్చేటప్పుడు ఆ 18.7 మీటర్లకు రెయిన్ లవర్ సమయంలోంచి సెకను పైచిలుకు తీసేయాలి.