పొడిగుడ్డతో మొదలయ్యే నష్టం: కారు కడగడం, వాక్స్ వేయడంపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన కార్లు కడిగే షెడ్డు పెట్టి 14 ఏళ్లయింది. ఇన్నేళ్లలో నాకు పాలిష్ పని ఎక్కువగా ఇచ్చింది కారును గాలికి వదిలేసేవాళ్లు అనుకుంటే పొరపాటు. వాళ్ల బండి మీద వేలెడు దుమ్ము ఉంటుంది, ఒక్కసారి కడిగితే కింద పెయింటు నిక్షేపంగా బయటపడుతుంది. కారును కన్నబిడ్డలా చూసుకుంటూ రోజూ తుడిచే పెద్దమనిషి బండినే ఎండలో చూడండి, బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. ఆయన ప్రేమంతా అక్కడ అచ్చుపడి ఉంటుంది.

అపోహ: రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దులిపితే కారు కొత్తగా ఉంటుంది

పైన చెప్పిన సాలెగూడు అలా అల్లుకున్నదే. కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. మెరుపంతా దానిదే. మామూలు కార్లలో దాని మందం 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే తల వెంట్రుక కంటే సన్నం. మన రోడ్ల దుమ్ములో ఉండే ఇసుక రేణువులు ఆ పొరకంటే ఎంతో గట్టివి. ఆ రేణువుల మీద గుడ్డ పెట్టి రుద్దడమంటే ఉప్పుకాగితంతో మెల్లగా గీకడమే. ఒక్క రోజులో తెలియదు. ఆరు నెలలకు తెలుస్తుంది, నల్ల కారైతే ఇంకా ముందే.

అపార్ట్‌మెంట్లలో జరిగేది ఇంకో రకం. వాచ్‌మన్ ఒక బకెట్టు, ఒక గుడ్డ తీసుకుని వరుసగా ఆరు కార్లు తుడుస్తాడు. అతన్ని తప్పుపట్టలేము, నెలకు మనం ఇచ్చేదానికి అంతకంటే ఏం చేస్తాడు? కానీ మొదటి కారు మట్టి ఆరో కారు దాకా ప్రయాణం చేస్తుంది. నా సలహా కొందరికి నచ్చదు: దుమ్మును ఉండనివ్వండి. అద్దాలు మాత్రం రోజూ శుభ్రం చేసుకోండి, మిగతా ఒంటి జోలికి పోకండి. దుమ్ము దానంతటది కూర్చుని ఉంటే ఏ గీతా పడదు. రెండు వారాలకోసారి సరిగ్గా కడిగితే చాలు.

అపోహ: ఒక బకెట్టు నీళ్లు, గుప్పెడు సబ్బు పొడి సరిపోతాయి

బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే ద్రవం పుట్టిందే జిడ్డును లాగేయడానికి. పెయింటుకు పలచని కవచంగా మీరు డబ్బు పెట్టి వేయించుకున్న వాక్స్ కూడా వాటి దృష్టిలో జిడ్డే. నాలుగుసార్లు వాడేసరికి ఆ పొర పలచబడిపోతుంది, రబ్బరు బీడింగులు వెలవెలబోతాయి. కారు షాంపూ సీసా ఒకటి కొంటే ఇంటి వాడకానికి నెలల తరబడి వస్తుంది. ఒక బకెట్టుకు మూత రెండు మూతలే పడుతుంది.

బకెట్లు మాత్రం రెండు కావాలి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మామూలు నీళ్లు. ముందు చక్రాలు వేరే గుడ్డతో, వేరే నీళ్లతో కడిగేయండి. బ్రేకుల నుంచి రాలే పొడిలో ఇనుప రజను ఉంటుంది, ఆ గుడ్డ మళ్లీ బాడీని ముట్టుకోకూడదు. తర్వాత కారంతా నీళ్లు చల్లి వదులు మట్టిని దింపేయండి. అసలు పని సగం ఇక్కడే అయిపోతుంది, జనం తొందరపడేదీ ఇక్కడే. చేతికి వేసుకునే మైక్రోఫైబర్ తొడుగును షాంపూ నీళ్లలో ముంచి పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. ఒక తలుపు అయ్యాక తొడుగును మామూలు నీళ్ల బకెట్టులో బాగా జాడించి, పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. చివర్లో ఆ రెండో బకెట్టు అడుగున చేరిన మట్టి చూడండి. ఒకే బకెట్టుతో అయితే అదంతా మీ కారు మీదే తిరుగుతూ ఉండేది. చేతిని గుండ్రంగా తిప్పడం మనకు అలవాటు, దాన్ని మాని నిలువుగా కదపండి. కింద అంచులు, బంపర్ అడుగు భాగం ఆఖరున.

తొడుగు జారి నేల మీద పడితే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టేయండి. మా షెడ్డులో కుర్రాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

అపోహ: నీళ్లు ఏవైనా ఒకటే, ఎండలో కడిగితే త్వరగా ఆరుతుంది

త్వరగా ఆరడమే ఇక్కడ సమస్య. చాలా ఇళ్లలో వచ్చేది బోరు నీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. మీ ఇంటి గీజరులోనో, కుళాయి మూతి దగ్గరో పేరుకున్న తెల్లని పొర అదే. ఎండకు కాగిన బానెట్ మీద నీటిచుక్క ఆవిరైపోతే లవణం మాత్రం గుండ్రంగా మిగిలిపోతుంది. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పార్కింగ్‌లో ఉన్న నల్ల కారు రేకు మీద చెయ్యి పెట్టి ఉంచలేం. అలాంటప్పుడు షాంపూ కూడా మరకలుగా ఎండిపోతుంది.

పొద్దున ఏడు లోపు గానీ, సాయంత్రం రేకు చల్లబడ్డాక గానీ కడగండి. కడిగిన వెంటనే పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును పరిచి, అద్ది తీయండి, రుద్దవద్దు. పాత స్నానపు తువ్వాలు, బనియన్ గుడ్డ ఈ పనికి రావు. తాజా తెల్ల మచ్చలకు వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి మెత్తని గుడ్డతో అద్దండి, నిమిషం ఆగి నీళ్లతో కడిగేయండి. నెలల నాటి మచ్చలు క్లియర్ కోట్‌లోకి దిగిపోయి ఉంటాయి, వాటికి పాలిష్ తప్ప దారి లేదు.

అపోహ: కొండ దిగిన వెంటనే వాటర్ సర్వీసుకు ఇస్తే మంచిది

తిరుమల నుంచి దిగే బళ్లు 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా వస్తాయి. దారంతా మలుపులు. గేరు మీద దిగడం తెలియనివాళ్లు పై నుంచి అలిపిరి దాకా బ్రేకు మీద కాలు తీయరు. అలా సెగలు కక్కుతున్న డిస్కుల మీద చల్లటి నీళ్లు ప్రెషర్‌తో కొడితే లోహం ఒక్కసారిగా కుంచించుకుంటుంది. డిస్కు వంగవచ్చు, తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. మా దగ్గరికి అలా వచ్చిన బండిని అరగంట, ముప్పావుగంట పక్కన నిలబెడతాం. కొందరు విసుక్కుంటారు. ఎదురుగా టీ కొట్టు ఉంది కాబట్టి గొడవ పెద్దది కాదు.

అపోహ: పూజ పసుపు, కుంకుమ మరకలు పడితే పెయింటు పాడైనట్టే

ఈ ఊళ్లో ఉండి ఈ మాట రాయకపోతే ఎలా. కాణిపాకంలోనో, అలిపిరి దగ్గరో పూజ చేయించుకుని నేరుగా మా షెడ్డుకు వచ్చే కార్లు కొల్లలు. తెల్ల కారు బానెట్ మీద పసుపు స్వస్తిక్ వేసి వారం ఉంచితే లేత పసుపు నీడ మిగులుతుంది. భయపడవలసింది లేదు. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ ఎండకు నిలవదు. షాంపూతో కడిగి నాలుగు రోజులు ఎండలో తిప్పితే చాలావరకు దానంతటదే వెలిసిపోతుంది. దాని మీద బట్టల సబ్బు పొడి వేస్తే మాత్రం ఎర్రబడి మిమ్మల్ని కంగారు పెడుతుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడటం దాని గుణం, పారాణి నీళ్లలో మనం చూసేదే. కృత్రిమ రంగులు కలిపిన కుంకుమ మొండిది, దాన్ని అదే రోజు సాయంత్రానికి కడిగేయడం మేలు. పొడిగా తుడవకుండా ముందు నీళ్లు పోయండి.

నేను భయపడేది పసుపుకు కాదు, కర్పూరానికి. హారతి పళ్లెంలో ఇవ్వండి. నేరుగా బానెట్ మీద కర్పూరం వెలిగించి, క్లియర్ కోట్ పొక్కిన కారును నా చేతులతో పట్టుకుని చూశాను. అక్కడ వాక్స్ పనిచేయదు, పాలిష్ పనిచేయదు, మళ్లీ రంగు వేయవలసిందే. కొబ్బరినీళ్లు చిందితే కూడా వెంటనే కడగాలి, వాటిలోని చక్కెర ఎండకు బంకలా పట్టుకుంటుంది.

అపోహ: చెట్టు నీడ కారుకు ఎప్పుడూ మంచిదే

మనిషికి మంచిదే. చిత్తూరు వైపు తోటల్లో మామిడి పూతకు వచ్చే రోజుల్లో చెట్టు కింద బండి పెట్టి చూడండి. తేనెమంచు పురుగు విసర్జించే తియ్యటి జిగురు సన్నని తుంపరలా కారంతా పడుతుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లబడుతుంది. కాయ కోతల్లో కారే సొన ఇంకా ఘాటైనది. వీటికంటే చేటు పక్షి రెట్ట. ఎండకు క్లియర్ కోట్ కాస్త మెత్తబడుతుంది, ఎండిన రెట్ట దాన్ని పట్టుకుని కూర్చుని మచ్చ దింపేస్తుంది. గోటితో గీకకండి. తడి గుడ్డను పది నిమిషాలు దాని మీద వేసి ఉంచితే నానుతుంది, అప్పుడు ఎత్తి తీసేయండి. వాక్స్ ఉన్న కారుకు ఇలాంటప్పుడు కాస్త వ్యవధి దొరుకుతుంది. వాక్స్ వల్ల నేను చూసిన అసలు లాభం ఇదే, మెరుపు దాని తర్వాతి మాట.

అపోహ: వాక్స్ వేస్తే గీతలు పోతాయి

పోవు. పాలిష్ వేరు, వాక్స్ వేరు. పాలిష్ అంటే అరగదీయడం, క్లియర్ కోట్‌ను కాస్త తీసి గీతను చదును చేయడం. ఉన్న పొరే అంత సన్నం కాబట్టి ఏటేటా పాలిష్ చేయించమనే సలహాను నేను నమ్మను. వాక్స్ పైన వేసే పలచని కవచం. పేరున్న కార్నౌబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మన ఎండకు అది రెండు, మూడు నెలలు నిలిస్తే గొప్ప. కృత్రిమ సీలెంట్లు ఇంకొంత ఎక్కువ కాలం ఆగుతాయి. గీత నిజంగా ఉందా అని తెలుసుకోవడానికి గోరు అడ్డంగా జరపండి, గోరు తట్టుకుంటే పాలిష్‌తో పూర్తిగా పోవడం కష్టం.

అపోహ: కొత్త కారుకు ఆరు నెలల దాకా వాక్స్ వేయకూడదు

ఫ్యాక్టరీలో పెయింటును పెద్ద ఓవెన్లలో కాల్చి గట్టిపరుస్తారు. షోరూం నుంచి తెచ్చిన మర్నాడే వేసుకోవచ్చు. ఆగవలసింది డెంటింగ్, పెయింటింగ్ చేయించిన భాగానికి. అక్కడ రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరయ్యేందుకు ఒకటి, రెండు నెలలు వదిలేయండి.

అపోహ: డీజిల్ గుడ్డతో తుడిస్తే వాక్స్ అక్కర్లేదు

పాత లారీ డ్రైవర్ల పద్ధతి. సాయంత్రం దాకా మెరుస్తుంది, రోడ్డు మీది దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది, రబ్బరు పాడవుతుంది. టైర్లకు కొబ్బరినూనె రాసేవాళ్లకూ ఇదే జవాబు.

అపోహ: సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక కడగనక్కర్లేదు

ఇది వాక్స్ లాగే పెయింటు మీద వేసే పూత, కాకపోతే గట్టిగా పట్టుకుంటుంది. కడగడం తేలికవుతుంది, అంతే. కోటింగ్ మీద కూడా బోరు నీటి మచ్చలు పడతాయి. నేనూ ఆ కోటింగ్ వేస్తాను, అయినా ఈ మాట చెప్పే వేస్తాను.

అపోహ: వాక్స్ ఎంత మందంగా పూస్తే అంత మంచిది

పలచగా ఉన్నదే పట్టుకుంటుంది. ఎక్కువైనదంతా మీరు చెమటోడ్చి తుడిచి తీసేయవలసిందే. బాగా కడిగి, పూర్తిగా ఆరిన కారును నీడలో పెట్టండి. స్పాంజి మీద రూపాయి బిళ్లంత వాక్స్ తీసుకుని సగం బానెట్‌కు సరిపెట్టండి. ఒక భాగం అయ్యాకే ఇంకో భాగం. నల్ల ప్లాస్టిక్ అంచులకు తగలనివ్వకండి, తెల్లగా పట్టుకుని ఒక పట్టాన వదలదు. మసకగా ఆరాక వేలితో గీత గీయండి. కింద శుభ్రంగా మెరిస్తే తుడవడానికి సిద్ధం, అలికినట్టు అయితే ఇంకాస్త ఆగాలి. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తీసేయండి, గుడ్డను తరచూ మడత మారుస్తూ ఉండండి. మ్యాట్ రంగు (మెరుపు లేని రంగు) కారుకు మాత్రం మామూలు వాక్స్ పూయవద్దు, అక్కడక్కడ మెరిసి అసహ్యంగా కనిపిస్తుంది.

మళ్లీ ఎప్పుడు వేయాలో కడిగేటప్పుడు నీళ్లే చెబుతాయి. బానెట్ మీద గుండ్రని చుక్కలై జారుతుంటే వాక్స్ ఉన్నట్టు, చాపలా పరుచుకుంటే అయిపోయినట్టు. మూడు నెలలకోసారి వేసే చిన్న కారుకు 200 గ్రాముల డబ్బా మూడేళ్లయినా వస్తుంది. మీది ఏడాదిలోనే ఖాళీ అయిందంటే మందంగా పూస్తున్నారన్నమాట.