స్వలింగ జంటల విడాకులు: అమెరికాలో మనవాళ్లు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

నేను కాలిఫోర్నియాలో ఫ్యామిలీ లాయర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లలో స్వలింగ జంటలూ ఉంటారు. పెళ్లయిన సంగతే ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు విడిపోతున్న సంగతి ఎవరితో చెప్పుకుంటారు? మామూలుగా అయితే మేనమామో పెదనాన్నో మధ్యలో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడతారు, వీళ్లకి ఆ దిక్కు కూడా లేదు. దాంతో స్నేహితులు చెప్పిందే చట్టం అనుకుని తర్వాత చాలా నష్టపోతున్నారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది ఎక్కువగా కాలిఫోర్నియా చట్టం. మీరు టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే అక్కడి లాయర్‌ని అడగండి.

అపోహ: “ఇండియాలో ఈ పెళ్లి ఎలాగూ చెల్లదు, ఇక విడాకులెందుకు?”

ఎక్కువమందిని ముంచేది ఇదే. ఇండియాలో గుర్తింపు లేని మాట నిజమే. హైదరాబాద్‌కి చెందిన ఒక జంట కూడా పిటిషనర్లుగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న తీర్పు ఇస్తూ, స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడం పార్లమెంటు పని అని చెప్పేసింది. కానీ మీ పెళ్లి జరిగింది అమెరికాలో. 2015 జూన్ 26న ఇక్కడి సుప్రీంకోర్టు ఒబర్‌గెఫెల్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ పెళ్లి 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. కోర్టు రద్దు చేసేదాకా మీరు వివాహితులే. వేరే ఇంట్లో ఉంటున్నా, అయిదేళ్లుగా మాటల్లేకపోయినా అంతే.

దీనివల్ల ఏమవుతుందో చెప్తాను. ఇద్దరూ మనస్పర్థలొచ్చి విడిపోతారు, కాగితాల జోలికి పోరు. రెండేళ్లకి ఇంట్లోవాళ్లు సంబంధం చూస్తారు, ఏడుపులు, టెన్షన్, చివరికి అబ్బాయి తలొంచి ఊళ్లో ఒక అమ్మాయి మెడలో తాళి కడతాడు. తర్వాత ఆమెను అమెరికా తీసుకురావాలంటే వీసా దరఖాస్తులో గత పెళ్లి ఉందా, ఉంటే ఎలా ముగిసిందీ అన్న ప్రశ్న వస్తుంది. రాస్తే మొదటి పెళ్లి ఇంకా బతికే ఉందని తేలుతుంది, కాబట్టి అమెరికా దృష్టిలో రెండోది చెల్లదు. దాస్తే ఇమిగ్రేషన్ మోసం, దాని మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. ఏ పాపమూ తెలియని ఆ అమ్మాయి పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఇష్టంలేని పెళ్లి చేసుకోమని నేను ఎవరికీ చెప్పను, అది వేరే విషయం. కానీ మొదటి పెళ్లిని కోర్టులో ముగించకుండా ఇంకో పెళ్లికి మాత్రం కూర్చోకండి.

అపోహ: “ఇద్దరం ఇండియా వచ్చేశాం, ఇక మాకు విడాకులు ఇచ్చే కోర్టే లేదు”

ఉంది. మామూలుగా కాలిఫోర్నియాలో విడాకులు అడగాలంటే దంపతుల్లో ఒకరైనా రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) మూడు నెలలు ఉండాలి. స్వలింగ జంటలకి దీని నుంచి ఒక మినహాయింపు ఉంది. పెళ్లి కాలిఫోర్నియాలో జరిగి, ఇప్పుడు మీరిద్దరూ ఉన్న చోట ఆ పెళ్లిని రద్దుచేసే కోర్టు లేకపోతే, మీకు పెళ్లి జరిగిన కౌంటీలోనే పిటిషన్ వేయొచ్చు. ఎఫ్ఎల్-100 అనే పిటిషన్ ఫారంలో నివాసం గురించి అడిగే చోట దీనికోసమే ఒక గడి ఉంటుంది, అక్కడ టిక్ పెట్టాలి. అయితే పెళ్లి ఏ రాష్ట్రంలో జరిగిందన్నదే ఇక్కడ ముఖ్యం, ఇలాంటి వెసులుబాటు అన్ని రాష్ట్రాల్లోనూ లేదు. కెనడాలో పెళ్లి చేసుకున్నవాళ్లకి 2013లో అక్కడి చట్టం మార్చి దారి చూపించారు.

అపోహ: “పదిహేనేళ్లుగా కలిసున్నాం, కోర్టు అన్నేళ్లూ లెక్కేస్తుంది”

ఇది కాస్త చిక్కు వ్యవహారం, నిదానంగా చదవండి. మగ-ఆడ జంట ఎప్పుడు కావాలంటే అప్పుడు పెళ్లి చేసుకోగలిగారు. మీకు ఆ అవకాశమే ఇవ్వలేదు. కాలిఫోర్నియాలో 2008 జూన్ నుంచి నవంబర్ దాకా తలుపు తెరిచి మూసేశారు (ఆ మధ్యలో జరిగిన పెళ్లిళ్లు చెల్లుతాయి), మళ్లీ తెరిచింది 2013 జూన్‌లో. మీ పెళ్లికి ముందు కలిసి బతికిన ఏళ్లని కోర్టు పెళ్లిలో భాగంగా చూడదు. ఇది అన్యాయమే, నేను కాదనను, కానీ లెక్క అలాగే వేస్తారు.

దీంతో తేడా ఎక్కడొస్తుందంటే భరణంలో. ఇక్కడ పదేళ్లు దాటిన పెళ్లిని దీర్ఘకాలపు పెళ్లిగా చూస్తారు, భరణం ఎప్పుడు ఆపాలో కోర్టు ముందే గీత గీయనక్కర్లేదు. పదేళ్లలోపు అయితే సాధారణంగా పెళ్లి నడిచిన కాలంలో సగం దాకానే ఇస్తారు. ఉద్యోగం మానుకుని ఇల్లు చూసుకున్న మనిషికి ఇది బతుకు ప్రశ్న.

మరి పెళ్లికి ముందు డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ (పెళ్లి కాకుండా జంటగా ప్రభుత్వం దగ్గర నమోదు కావడం) రిజిస్టర్ చేయించుకుని ఉంటే? అప్పుడు కథ మారుతుంది. 2005 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా ఈ జంటలకి దాదాపు భార్యాభర్తల హక్కులన్నీ ఇచ్చింది. 2006లో రిజిస్టర్ చేయించుకుని 2013లో పెళ్లాడి 2022లో విడిపోయారనుకోండి, పెళ్లి తొమ్మిదేళ్లే అయినా బంధం పదహారేళ్లది, ఆస్తి లెక్క 2006 నుంచి మొదలవుతుంది. ఆ పాత సర్టిఫికెట్ ఏ ఫైల్లో ఉందో వెతికి పట్టుకోండి.

ఇంకో సంగతి, పెళ్లి చేసుకోగానే ఆ పాత రిజిస్ట్రేషన్ దానంతటది పోదు. రెండింటినీ రద్దు చేయమని అడగాలి. ఒకే పిటిషన్‌లో రెండు గడులూ టిక్ పెడితే సరిపోతుంది, ఆ రెండోది మర్చిపోతేనే కష్టం. మసాచుసెట్స్‌లో ఒకాయన వెర్మాంట్‌లో అంతకుముందు ఇంకొకరితో చేసుకున్న సివిల్ యూనియన్ (పెళ్లి లాంటి చట్టబద్ధమైన బంధం) రద్దు చేసుకోకుండా వేరే వ్యక్తిని పెళ్లాడారు. 2012లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు ఆ పెళ్లి చెల్లదని తేల్చింది.

ఏ రిజిస్ట్రేషనూ లేకుండా కలిసున్న ఏళ్లకి మాటమీదో కాగితం మీదో ఒప్పందం ఉందని రుజువు చేయగలిగితే, 1976 నాటి మార్విన్ తీర్పు ఆధారంగా సివిల్ దావా వేయొచ్చు. అది వేరే కేసు, ఖర్చూ వేరే.

అపోహ: “పాప బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరుంది, నాకు భయం లేదు”

పెళ్లయి ఉండి, మీ ఇద్దరి ఒప్పుకోలుతో ఐవీఎఫ్ ద్వారానో దాత వీర్యంతోనో బిడ్డ పుడితే, కనని తల్లి కూడా కాలిఫోర్నియాలో తల్లే. అయితే బర్త్ సర్టిఫికెట్ అనేది ఆఫీసు రికార్డు, కోర్టు తీర్పు కాదు. వేరే రాష్ట్రానికి వెళ్లాక అవతలివాళ్లు దాన్ని సవాలు చేయొచ్చు. దత్తత ఉత్తర్వు ఉంటే అలా కుదరదు. జార్జియాలో ఒక తల్లికి వచ్చిన దత్తత ఉత్తర్వును అలబామా కోర్టు కాదంటే, 2016లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. నా బిడ్డను నేనే దత్తత తీసుకోవడమేంటని చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ నాకు తెలుసు. అయినా సంసారం బాగున్న రోజుల్లోనే ఆ పని చేయించుకోండి.

మనవాళ్ల విషయంలో అసలు భయం ఇంకొకటి: బిడ్డను తీసుకుని ఒకరు ఇండియా వెళ్లిపోవడం. అలా వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపించే హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. పైగా అక్కడ మీ పెళ్లికే గుర్తింపు లేదు కాబట్టి, రక్తసంబంధం లేని తల్లి లేదా తండ్రి తనకి బిడ్డతో సంబంధం ఏమిటో మొదటి నుంచి నిరూపించుకోవాలి. అలాంటి అనుమానం రవ్వంత ఉన్నా ప్రయాణం మీద ఆంక్షలు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలన్న ఉత్తర్వు ముందే అడగండి. విమానం ఎక్కేశాక నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

అపోహ: “విడాకులంటే గ్రీన్ కార్డ్ పోయినట్టే”

హెచ్-4 (హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకి డిక్రీతో, అంటే విడాకుల తీర్పుతో, ఆ ఆధారం పోతుంది నిజమే, అందుకే డిక్రీ తేదీకి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు మాత్రం విడాకుల తర్వాత ఒంటరిగానే ఐ-751 (ఆ షరతులు తీసేయమని అడిగే ఫారం) వేసుకోవచ్చు, పెళ్లి నిజాయితీగా చేసుకున్నదేనని చూపిస్తే చాలు. మనవాళ్లకి ఇబ్బంది ఆ చూపించే దగ్గరే. ఇంటి లీజులో రూమ్మేట్స్ అని ఉంటుంది, పెళ్లి ఫోటోల్లో బంధువులెవరూ ఉండరు. దాచుకుని బతికినందుకు రుజువులు తక్కువ. జాయింట్ ట్యాక్స్ రిటర్నులు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఒకరి పేరు ఒకరు రాసుకున్న కాగితాలు, విషయం తెలిసిన స్నేహితుల అఫిడవిట్లు, ఇవన్నీ గొడవ ముదరకముందే కాపీలు తీసి పెట్టుకోండి.

అపోహ: “కొండాపూర్ ఫ్లాట్ అమ్మ పేరు మీద ఉంది, అది లెక్కలోకి రాదు”

కాలిఫోర్నియాలో కాపురముంటూ పెళ్లి తర్వాత సంపాదించిన డబ్బుతో కొన్నది ప్రపంచంలో ఎక్కడున్నా ఇద్దరిదీ. అమ్మ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించినా ఆ డబ్బు ఎక్కడిదో అడుగుతారు, బ్యాంకు నుంచి పంపిన ప్రతి డాలర్‌కీ జాడ ఉంటుంది. ఆస్తుల పట్టికలో దాస్తే కోర్టు శిక్షగా ఆ ఆస్తి మొత్తం అవతలివాళ్లకే రాసివ్వచ్చు. ఇక అడిగే పక్షంలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడి తీర్పును ఇండియాలో నేరుగా అమలు చేయించుకోలేరు, అక్కడ మళ్లీ దావా వేయాలి, ఈ పెళ్లినే గుర్తించని చోట ఆ దావా ఎంత దూరం వెళ్తుందో చెప్పలేం. కాబట్టి అక్కడి ఫ్లాట్‌లో వాటా కోసం పట్టుబట్టకుండా, దాని విలువ లెక్కగట్టించి అంత మొత్తాన్ని ఇక్కడి ఇంట్లోనో రిటైర్మెంట్ ఖాతాలోనో సర్దుబాటు చేయమని మీ లాయర్‌తో అడిగించండి.