క్యాన్సర్ వైద్యం ముగిసిన పిల్లల తిండి: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనో, నిమ్స్‌లోనో క్యాన్సర్ వైద్యం పూర్తి చేసుకొని ఊరికి తిరిగొచ్చినవాళ్లు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వస్తారు. రిపోర్టులు బాగానే ఉంటాయి. తల్లి మాత్రం "మేడమ్, కీమో అప్పుడే నయం, ఇప్పుడు అసలే తింటలేడు" అంటుంది. మందులు ఆగాయి కానీ అన్నం పళ్లెం దగ్గర టెన్షన్ ఆగలేదు. పోషకాహార నిపుణురాలిగా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "వైద్యం అయిపోయింది కదా, ఇక కడుపునిండా తినాలి. తినకుంటే బెదిరించైనా పెట్టాలి."

వాస్తవం: చివరి కీమో అయిన మర్నాడే ఆకలి రాదు. నాలుకకు రుచి, ముక్కుకు వాసన కుదురుకోవడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. కూర చేదుగా ఉందని, ఇనుము నాకినట్టుందని పిల్లలు అంటే అది మొండితనం కాదు. నోరు ఎండుతోందా, పళ్లు పుచ్చాయా, మలబద్ధకం ఉందా అన్నది ముందు చూడాలి.

దీనికంటే గట్టి కారణం ఇంకోటి ఉంది. కీమో ఎక్కించే రోజు ఇష్టమని కోడికూర పెట్టి ఉంటారు. తర్వాత వాంతి అయి ఉంటుంది. వాంతి మందు వల్ల వచ్చినా మెదడు దాన్ని కూర ఖాతాలో రాసుకుంటుంది. చాలా కాలం తర్వాత కూడా ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. అందుకే వైద్యం ఇంకా నడుస్తున్న ఇళ్లవాళ్లకు ఒక మాట: కీమో రోజు బిడ్డకు బాగా ఇష్టమైన వంట చేయకండి. వైద్యం అయిపోయినవాళ్లు ఆ వంటను కొన్నాళ్లు పక్కన పెట్టండి. కోడికూర వద్దంటే కోడిగుడ్డు అట్టు, పెసరట్టు, పల్లిపట్టి పెట్టండి. కొద్ది నెలల తర్వాత అదే కోడిని వేరే మసాలాతో, ఒక్క తునకతో మొదలుపెట్టండి.

నోరు తెరిపించి ముద్ద కుక్కడం, ఫోన్ చూపిస్తూ తినిపించడం రెండూ పనిచేయవు. "తినకుంటే మళ్లీ సూది వేయిస్తా" అనడం మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. సూది అంటే ఏంటో ఆ బిడ్డకు మనకంటే బాగా తెలుసు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ చేతిలో ఉంచుకోండి. ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేయండి. రెండున్నర, మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టి, అరగంటలో పళ్లెం తీసేయండి. మధ్యలో బిస్కెట్లు, చిప్స్, తీపి పాలు నడుస్తుంటే అన్నం వేళకు ఆకలి ఎక్కడిది?

అపోహ: "ఒంట్లో రక్తం లేదు, ఐరన్ టానిక్ తాగిస్తున్నం."

వాస్తవం: రక్తం పడుతుందని పెట్టే బీట్‌రూట్, ఖర్జూరం తింటే తిననివ్వండి. గొడవంతా టానిక్‌తోనే. లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు వైద్యంలో చాలాసార్లు రక్తం ఎక్కిస్తారు. ఒక్కో యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. కీమోలో హిమోగ్లోబిన్ పడిపోయేది రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జ నీరసించడం వల్ల. అలాంటప్పుడు ఇనుము పోస్తే లాభం లేదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చూసి డాక్టర్ రాస్తేనే టానిక్.

బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను చాలామంది మర్చిపోతారు. దాంట్లో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుని పనిచేసే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందును ఇంకా వారం వారం మింగుతున్న పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా అది వేయకూడదు. టీచర్‌కు ముందే చెప్పి ఉంచండి.

అపోహ: "నీసు పెడితే రోగం తిరగబెడుతుంది, పథ్యం ఉండాలి."

వాస్తవం: ఇది ఎక్కువగా నాయనమ్మల మాట. ప్రేమతోనే అంటారు, కానీ చారన్నంతో నెలలు గడిచిపోతాయి. గుడ్డు, మాంసం, వంకాయ, పుంటికూర తిన్నందుకు క్యాన్సర్ తిరిగి రాదు. కండ కరిగిన ఒంటికి ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. నీసు తినని ఇళ్లలో పప్పు, పెరుగు, పల్లీలు, నువ్వుల ముద్దలు ఉండనే ఉన్నాయి. బొక్కల సూపు సంగతి కూడా చెప్పాలి. బలమని సూపు బిడ్డకు పోసి, తునకలు పెద్దవాళ్లు తింటారు! ప్రోటీన్ ఎక్కువున్నది తునకలోనే. మెత్తగా ఉడికించి, చిన్నగా చీల్చి అన్నంలో కలపండి.

అపోహ: "చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుంది."

వాస్తవం: ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది, అన్నం తిన్నా తయారయ్యేది అదే. బతుకమ్మకు మలీద ముద్ద, సంక్రాంతికి అరిసె తిననివ్వండి. రోజూ కూల్‌డ్రింక్ వద్దనేది పళ్ల కోసం, బరువు కోసం.

అపోహ: "బుగ్గలొచ్చినయి, ఒళ్లు చేసింది, ఇక బాగైనట్టే."

వాస్తవం: స్టెరాయిడ్లతో వచ్చిన బుగ్గలు బలం కాదు. కొవ్వు పెరిగి కండ తక్కువే ఉండొచ్చు. లుకేమియా పిల్లల్లో, ముఖ్యంగా తలకు రేడియేషన్ ఇచ్చినవాళ్లలో, తర్వాత ఊబకాయం వచ్చే ముప్పు ఎక్కువ. డాక్సోరుబిసిన్, డానోరుబిసిన్ అనే కీమో మందులు ఎక్కించుకున్నవాళ్లు బరువు, ఉప్పు, బీపీ మీద పెద్దయ్యాక కూడా కన్నేసి ఉంచాలి, ఆ మందులు గుండెను బలహీనపరచగలవు. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ ఎముకలను పలచబరుస్తాయి. 200 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగులు, నువ్వులు కూడా మంచివే. వీటితోపాటు పిల్లలు ఎండలో గెంతాలి. డాక్టర్ వద్దంటే తప్ప ఇంట్లో కూర్చోబెట్టకండి.

అపోహ: "పచ్చివి, బయటివి జన్మలో పెట్టొద్దు."

వాస్తవం: అది తెల్లరక్తకణాలు పడిపోయిన రోజుల జాగ్రత్త. అప్పుడైనా పండ్లన్నీ మాన్పించడం కంటే కడగడం, బాగా ఉడికించడం, వేడిగా తినడం ముఖ్యం. కణాలు మామూలుకొచ్చాక జామకాయ కడిగి ఇవ్వొచ్చు, బడిలో మధ్యాహ్న భోజనం వేడిగా తినొచ్చు. పానీపూరి నీళ్లకు, బండి మీద కోసి పెట్టిన పండ్లకు దూరంగానే ఉండండి. మజ్జ మార్పిడి జరిగిన పిల్లలకు లెక్క వేరు, వాళ్ల డాక్టర్ చెప్పిందే చేయాలి.

వరుసగా రెండు నెలలు బరువు తగ్గితే, ఎత్తు ఆగిపోతే, పొద్దున లేస్తూనే తలనొప్పితో వాంతులైతే, మింగుతుంటే నొప్పి పుడితే తిండి మార్చి చూద్దామని ఆగకండి. వైద్యం చేసిన ఆస్పత్రికి వెంటనే ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితాలు, ఇప్పటివరకు రాసుకున్న బరువు, ఎత్తు లెక్కలు వెంట తీసుకెళ్లండి.