టాప్ 2 శాతం గొడవకు మూలం 2010 నాటి మార్కుల పట్టిక

సైటేషన్ల ఆధారంగా స్టాన్‌ఫర్డ్‌కు చెందిన అయోనిడిస్ బృందం వేసే ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితా వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్ క్యాంపస్‌లలో జరిగేదే మళ్లీ జరుగుతోంది. గేటు దగ్గర అభినందన ఫ్లెక్సీ, వాట్సాప్ గ్రూపుల్లో వాదన. జీవితమంతా కణ జీవశాస్త్రానికే ఇచ్చినవాళ్ల పేరు లేదేమిటని కొందరు, సైటేషన్లు, అంటే ఇతర పేపర్లలో ప్రస్తావనలు, లేకుండా పేరెలా వస్తుందని మరికొందరు.

సైటేషన్ సూచికల పుట్టుక, పేపర్ల సంఖ్యనూ వాటి సైటేషన్లనూ కలిపి ఒకే అంకెగా చూపే, 2005లో వచ్చిన హెచ్-ఇండెక్స్ సంగతి చాలామందికి తెలిసినవే. మన దగ్గర అసలు మలుపు 2010లో వచ్చింది. ఆ ఏడాది యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తెచ్చిన అకడమిక్ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్ (ఏపీఐ) నిబంధనలతో అధ్యాపకుల ప్రమోషన్ మార్కుల లెక్కకు ముడిపడింది. నిపుణులు పరిశీలించాకే పేపర్లు వేసే రిఫరీడ్ జర్నల్‌లో పేపరు వస్తే 15 మార్కులు. ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే అందులోని పేపర్లకు వచ్చే సగటు సైటేషన్లు, 1 నుంచి 2 అయితే అదనంగా 10, 2 నుంచి 5 అయితే 15, 5 నుంచి 10 అయితే 25. మొదటి రచయితకూ, గైడ్‌కూ కలిపి 60 శాతం పోగా మిగిలిన 40 శాతాన్ని తక్కినవాళ్లంతా పంచుకోవాలి. పేపర్లో ఏం తేలిందన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటే లేదు.

ఈ లెక్క కణాలతో పనిచేసేవాళ్లను గట్టిగా దెబ్బతీసింది. ఒక ప్రోటీన్ కణంలో ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చూపాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ప్రోటీన్‌ను పట్టి చూపే యాంటీబాడీ విదేశం నుంచి రావాలి. కణాలను 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెంచాలి. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకితే కణాలు పెరిగే ద్రవం తేటగానే ఉంటుంది, మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించదు. టెస్టులో బయటపడేసరికి నెలల పని బుట్టదాఖలు. అన్నీ కుదిరినా అదే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేసి అదే ఫలితం చూపాలి. ఆ ఏళ్లలో చేతికొచ్చేది ఒక్క పేపరు.

జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి సంగతే చూడండి. ఈస్ట్ కణాలు తమ పాత భాగాలను తామే జీర్ణం చేసుకునే ఆటోఫజీకి ఏ జన్యువులు కావాలో వెతికి, 15 జన్యువులను గుర్తించిన పేపరును 1993లో ‘ఫెబ్స్ లెటర్స్’లో వేశారు. పెద్ద హడావుడి చేసే జర్నల్ కాదది. అప్పట్లో ఆ రంగంలో పనిచేసేవాళ్లే కొద్దిమంది, ఇక సైట్ చేసేదెవరు? 2016లో ఆయనకు ఒక్కరికే నోబెల్ వచ్చింది. ఇంకోవైపు, 3 లక్షలకు పైగా సైటేషన్లున్న 1951 నాటి లౌరీ పేపరు ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి. ఎంతో ఉపయోగపడింది, అందుకే అందరూ సైట్ చేశారు. ఆ రెండు పేపర్ల సైటేషన్లనూ ఒకే త్రాసులో పెట్టడం ఏం న్యాయం?

కొలమానం వద్దని గట్టిగా గొంతెత్తిన చోటు కూడా కణ జీవశాస్త్రవేత్తల సభే. 2012 డిసెంబర్‌లో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ సమావేశంలో మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్, డోరా, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని తూచొద్దని చెప్పింది. హైదరాబాద్‌లోనే ఉన్న, పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కూడా దాన్ని ఒప్పుకున్న సంస్థల్లో ఒకటి.

అంకెల పక్షాన కూడా ఒక మాటుంది. అవి లేకపోతే పైరవీలకు, సిఫార్సులకు తలుపులు బార్లా తెరిచినట్టేనని వాళ్ల భయం. అందులో నిజముంది. అయోనిడిస్ బృందం జాబితా కూడా ఫ్లెక్సీలో కనిపించేంత మోటుగా లేదు. అది ఆరు సూచికలు కలుపుతుంది, తమ పేపర్లను తామే సైట్ చేసుకున్నవి తీసేసిన లెక్క విడిగా ఇస్తుంది, మొత్తం కెరీర్‌కు ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి రెండు పట్టికలు వేస్తుంది. ఈ తేడాలు ప్రెస్ నోట్‌లోకి రావు.

2018 నిబంధనల్లోనూ ప్రొఫెసర్ నియామకానికి కనీసం 10 పేపర్లు, 120 రీసెర్చ్ స్కోరు అడిగారు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఆ స్కోరును పక్కనబెట్టి, చెప్పుకోదగ్గ కృషి ఏమిటో చూడమంది. అది అమలైతే సెలక్షన్ కమిటీ పేపరు తెరిచి చదవాలి. కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మాత్రం పేపర్లు, సైటేషన్ల లెక్క అలాగే ఉంది. ర్యాంకు కావాల్సిన యాజమాన్యం ఆ అంకెలను ప్రొఫెసర్ల దగ్గరే అడుగుతుంది.