గ్రహ కక్ష్యల లెక్క ఎన్ని కోట్ల ఏళ్లు నిలుస్తుంది?

గురుడు రోజుకు సగటున 299.13 వికలలు నడుస్తాడు, శని 120.45 వికలలు. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. మొదటి అంకెను రెండుతో, రెండోదాన్ని ఐదుతో హెచ్చించి చూడండి: 598.26, 602.25. తేడా రోజుకు 4 వికలలు. కక్ష్యలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయా అన్న పాత చర్చలో తొలి చిక్కుముడి ఈ 4 వికలల్లోనే ఉంది.

17వ శతాబ్దం చివర ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు హాలీ పాత పరిశీలనలతో పోల్చి చూస్తే గురుడు క్రమంగా వేగం పుంజుకుంటున్నట్టు, శని మందగిస్తున్నట్టు తేలింది. అదే ధోరణి ఆగకుండా సాగితే గురుడు సూర్యుడి వైపు జారాలి, శని దూరమైపోవాలి. గణితజ్ఞులు ఆయిలర్, లగ్రాంజ్ ప్రయత్నించినా లెక్క కుదరలేదు. 1785లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు లాప్లాస్ కుదిర్చాడు. గురుడు, శని సుమారు 20 ఏళ్లకోసారి కలుస్తారు. మూడు కలయికల తర్వాత, అంటే గురుడు సుమారు ఐదు చుట్లు, శని రెండు తిరిగాక, దాదాపు మొదటి చోటికే వస్తారు, కానీ 8 డిగ్రీలు ముందుకు జరిగి. కాబట్టి ఒకరినొకరు లాగే తీరు శతాబ్దాల పాటు ఒకే వైపు మొగ్గుతుంది. ఆ లాగుడు ప్రభావాన్ని లెక్కగట్టే సూత్రంలో ఇందాకటి 4 హారంలో, అదీ వర్గమై, కూర్చుంటుంది. హారం చిన్నదైతే ఫలితం పెద్దదవుతుంది: శని ముప్పావు డిగ్రీకి పైగా, గురుడు మూడో వంతు డిగ్రీ తమ సగటు స్థానం నుంచి తప్పుతారు. దాదాపు 900 ఏళ్లకు చక్రం పూర్తయి అంతా మొదటికొస్తుంది. హాలీ చూసింది అందులో ఒక ముక్క మాత్రమే.

లక్షల ఏళ్లలో మారేది కక్ష్య పరిమాణం కాదు. అది ఒకే దిశలో పెరగదు, తరగదు అని మొదటి ఉజ్జాయింపు మేరకు లాప్లాస్ 1773లోనే చూపాడు. మారేవి ఆకారం, వాలు, సూర్యుడికి అతి దగ్గరి బిందువైన పరిహేళి ఉన్న దిశ. భూకక్ష్య ఉత్కేంద్రత, అంటే కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకె (వృత్తానికి సున్నా), ఇప్పుడు 0.0167, దాదాపు సున్నా నుంచి 0.06 దాకా ఊగుతుంది. పరిహేళి నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి సుమారు 1,12,000 ఏళ్లు. (మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం రవి మందోచ్చానికి, అంటే పరిహేళికి సరిగ్గా ఎదురుగా ఉండే అతి దూరపు బిందువుకు, 432 కోట్ల ఏళ్ల కల్పంలో 387 భగణాలు (పూర్తి చుట్లు) చెప్పింది, అంటే కోటీ పదకొండు లక్షల ఏళ్లకు ఒకటి. అసలు వేగం దానికి వంద రెట్లు. అయినా అది స్థిరం కాదని గుర్తించి లెక్కలో చేర్చడం చిన్న విషయమేమీ కాదు.)

కక్ష్యలు స్థిరమన్న లాప్లాస్ ధీమా పూర్తిగా నిలవలేదు. 1840ల్లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ల వెరియే సూత్రాల్లో వదిలేసిన చిన్న పదాలను కలిపి చూశాడు. లోపలి గ్రహాల (బుధుడి నుంచి అంగారకుడి దాకా) దగ్గర మళ్లీ చిన్న హారాలే అడ్డొచ్చాయి. పైగా బుధుడి ద్రవ్యరాశి అప్పటికి సరిగా తెలియదు, కనుక ఆ హారం సున్నాకు ఎంత దగ్గరో చెప్పలేకపోయాడు. ఇలా పదం తర్వాత పదం కలుపుతూ పోయే శ్రేణులు సాధారణంగా ఒక విలువకు చేరవని తర్వాత ఫ్రెంచ్ గణితజ్ఞుడు పాయింకరే చూపాడు. దాంతో కలం, కాగితం దారి మూసుకుపోయినట్టే అయింది.

1989లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాక్ లాస్కర్ 20 కోట్ల ఏళ్ల మేర కంప్యూటర్‌తో లెక్కగట్టాడు. లోపలి గ్రహాల చలనం కేయాస్ అని తేలింది: ప్రతి కోటి ఏళ్లకు పొరపాటు సుమారు పది రెట్లవుతుంది. భూమి స్థానంలో ఈరోజు 15 మీటర్ల తప్పుంటే కోటి ఏళ్లకు 150 మీటర్లు, పది కోట్ల ఏళ్లకు 15 కోట్ల కిలోమీటర్లు. అంటే భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరం. కొలతలు మెరుగుపరిస్తే చాలదా అనిపించొచ్చు. పది రెట్లు కచ్చితంగా కొలిస్తే దక్కేది ఇంకో కోటి ఏళ్లే.

అందుకే ఇప్పుడు ఒక్క లెక్క కాదు, వేలు చేస్తారు. 2009లో లాస్కర్, అతని సహపరిశోధకుడు గాస్టినో 2,501 సార్లు 500 కోట్ల ఏళ్ల భవిష్యత్తును లెక్కించారు. ఒక్కోసారి బుధుడి కక్ష్య పరిమాణాన్ని 0.38 మిల్లీమీటర్ల చొప్పున మార్చారు, అంతే. దాదాపు నూటికి ఒకదానిలో బుధుడి కక్ష్య బాగా సాగిపోయింది. ఒకదానిలో అయితే సుమారు 334 కోట్ల ఏళ్ల తర్వాత అంగారకుడు భూమికి 794 కిలోమీటర్ల దగ్గరికొచ్చాడు. కారణం ఇది: బుధుడి పరిహేళి ఏడాదికి సుమారు 5.6 వికలలు జరుగుతుంది, గురుడిది 4.26. కేయాస్ వల్ల మొదటిది తగ్గి రెండోదాన్ని అందుకుంటే గురుడు ఒకే దిశలో లాగుతూ బుధుడి కక్ష్యను సాగదీస్తాడు. ఐన్‌స్టీన్ సాపేక్షత ఈ జరుగుదలకు ఏడాదికి 0.43 వికలలు కలుపుతుంది. ఇంత చిన్న అంకేనా అనుకుని దాన్ని తీసేసి లెక్కిస్తే, సగానికి పైగా లెక్కల్లో బుధుడు అదుపు తప్పాడు.

వెనక్కి లెక్కించడానికీ హద్దుంది. సీరిస్, వెస్టా అనే చిన్న గ్రహాలు ఒకదాని పక్కగా ఒకటి పోవడం వల్ల, భూకక్ష్య ఉత్కేంద్రతను 6 కోట్ల ఏళ్లకు మించి కచ్చితంగా చెప్పలేమని 2011లో తేలింది. ఆ ఉత్కేంద్రత ఊగిసలాటలో ఒక్క చక్రం మాత్రం దానికి అవతలా నమ్మదగినది. శుక్రుడి పరిహేళి ఏడాదికి 7.45 వికలలు జరుగుతుంది. అందులోంచి గురుడి 4.26 తీసేస్తే 3.2. పూర్తి చుట్టైన 12,96,000 వికలలను దానితో భాగిస్తే 4,05,000 ఏళ్లు వస్తుంది. గురుడు బరువైనవాడు, అతని లెక్క చెదరదు. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు, వాతావరణం మీదుగా ఈ చక్రం ముద్ర పడిన పాత రాతి పొరల వయసు కట్టడానికి దీన్నే వాడతారు. భూమి, అంగారకుల పరిహేళుల వేగాల తేడా నుంచి ఇలాగే వచ్చే చక్రం అంత స్థిరం కాదు. ఇప్పుడది 24 లక్షల ఏళ్లు. అమెరికాలోని న్యూఆర్క్ బేసిన్‌లో 20 కోట్ల ఏళ్ల నాటి సరస్సు పొరల్లో మాత్రం సుమారు 17.5 లక్షల ఏళ్లుగా కనిపించింది. ఆనాటి గ్రహాల లెక్క ఏది వేసినా, ముందు ఈ అంకెతో సరిపోవాలి.