అల్యూమినియం ఫ్లోరింగ్ వెల్డింగ్: షీటు ఎందుకు ఉబ్బుతుంది? అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి, వ్యాన్లకి బాడీలు కట్టే షాపుల చుట్టూ తిరిగేవాళ్లకి ఈ చప్పుడు తెలిసే ఉంటుంది. కొత్తగా వేసిన అల్యూమినియం ఫ్లోర్ మీద కాలు పెడితే షీటు ‘డబ్’మని దిగుతుంది, కాలు తీస్తే ‘డబ్’మని లేస్తుంది. ఇక పంచాయితీ మొదలు. షీటు నాసిరకమని ఒకరు, వెల్డర్‌కి పని రాదని ఇంకొకరు. ఆ పంచాయితీలో తరచూ వినిపించే మాటలు కొన్ని చూద్దాం. లెక్కలన్నీ మామూలుగా వాడే 3 మి.మీ. చెకర్ ప్లేట్‌కి (కాలు జారకుండా పైన గీతలు తేలిన షీటు).

అపోహ: వేడికి సాగి ఉబ్బింది

సగమే నిజం. ఉత్తగా సాగితే చల్లారాక వెనక్కి రావాలి కదా! వెల్డింగ్ చేసేచోట లోహం సాగబోతే చుట్టూ ఉన్న చల్లటి షీటు సాగనివ్వదు. మెత్తబడి ఉంటుంది కాబట్టి అక్కడికక్కడే నొక్కుకుపోతుంది. చల్లారాక ముందుకంటే పొట్టిదవుతుంది. చీర అంచులో దారం పట్టి లాగితే గుడ్డంతా ముడతలు పడ్డట్టు, అంచు పొట్టిదయ్యేసరికి మధ్యలో మిగిలిన షీటు పైకో కిందికో లేస్తుంది.

అల్యూమినియంతో ఈ బాధ ఎక్కువ. మీటరు ముక్కను 100 డిగ్రీలు వేడెక్కిస్తే ఉక్కు 1.2 మి.మీ. సాగుతుంది, అల్యూమినియం 2.3 మి.మీ. దాకా సాగుతుంది. పైగా వంగకుండా నిలబడే బిగువు ఉక్కులో మూడో వంతే.

అపోహ: కరెంటు తగ్గించి నెమ్మదిగా వేస్తే వంకర రాదు

అన్నిటికంటే ఎక్కువ షీట్లు పాడుచేసేది ఈ నమ్మకమే. ఇనుము పని చేసి వచ్చినవాళ్లకి ఈ అలవాటు అంత తొందరగా పోదు. అల్యూమినియం వేడిని ఉక్కు కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆంపియర్లు తక్కువ పెడితే లోహం కరగదు, వెల్డర్ అక్కడే ఆగి ఎదురుచూస్తాడు. ఈలోపు జానెడు దూరంలో చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. వేడెక్కిన మేర పెరిగేకొద్దీ ముడుచుకునే మేరా పెరుగుతుంది. కరెంటు ధారాళంగా పెట్టి, కరగడం కనిపించగానే కదిలిపోవాలి.

అందుకే పొడవు జాయింట్లకి నేను టిగ్ (తీగను చేత్తో అందించే వెల్డింగ్) కంటే మిగ్‌కే (తీగ మిషన్ నుంచి దానంతటదే వచ్చే వెల్డింగ్) ఓటేస్తాను. టిగ్ బీడ్ (వెల్డింగ్ గీత) అందంగా ఉంటుంది, కాదనను. కానీ అదే జాయింటుకి చాలా ఎక్కువ సేపు పడుతుంది, అంతసేపూ షీటు వేడి తాగుతూనే ఉంటుంది. ఫ్లోర్ మీద రేపు బస్తాలు పడేస్తారు, బీడ్ అందం ఎవరు చూస్తారు?

శుభ్రం చేయడం కూడా ఇందులో భాగమే. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, గాలికి దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితేగానీ కరగదు. అసిటోన్‌తో జిడ్డు తుడిచి, ఇనుముకి ఎప్పుడూ వాడని స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్దకపోతే ఆ పొరతో కుస్తీ పడుతూ ఒకేచోట నిలబడాల్సి వస్తుంది.

అపోహ: క్లాంపులు గట్టిగా బిగిస్తే చాలు

క్లాంపులు కావాలి, కానీ ముడుచుకునే బలాన్ని అవి లోపలే ఆపి ఉంచుతాయి, మాయం చేయవు. విప్పగానే కొంత బయటపడుతుంది. అసలు పనంతా వరసలో ఉంది. ముందు రెండు చివర్లా టాక్ (షీట్లు కదలకుండా పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డింగ్) వేయాలి, తర్వాత మధ్యలో, ఆ తర్వాత సగాల మధ్యలో, ఇలా టాకుల మధ్య దూరం 75 మి.మీ. అయ్యేదాకా. ఒక చివర నుంచి వరసగా టాకులు వేసుకుంటూ పోతే రెండో చివర షీట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఫుల్ వెల్డింగ్ మధ్య నుంచి బయటికి జరగాలి, అదీ 30-40 మి.మీ. చిన్న ముక్కలుగా. ప్రతి ముక్కనీ మధ్యవైపుకి తిరిగి లాగాలి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వేసినచోట వట్టి చెయ్యి ఆనించగలిగితేనే పక్క ముక్క.

చల్లార్చడానికి తడిగుడ్డ వేసేవాళ్లూ ఉన్నారు. తడి జాయింటులోకి చేరితే హైడ్రోజన్ వల్ల బీడ్ నిండా సూదిబెజ్జాలు వస్తాయి. కింద మందపాటి అల్యూమినియం పట్టీ ఆనిస్తే వేడి అందులోకి దిగిపోతుంది.

అపోహ: చుట్టూ ఫుల్ వెల్డింగ్ వేస్తేనే గట్టి

6061-టి6 అనే రకం అల్యూమినియం మిశ్రమం షీటు వెల్డింగ్ పక్కన సుమారు 40 శాతం బలం కోల్పోతుంది. 5052-హెచ్32 రకం కూడా మెత్తబడుతుంది. ఫ్లోర్ మీది బరువు మోసేది కింద ఉన్న క్రాస్ మెంబర్లు (అడ్డ దూలాలు). ఫ్రేమ్ అల్యూమినియందే అయితే అక్కడక్కడా అంగుళం చొప్పున వేసి, మిగతాది పాలియురిథేన్ సీలెంట్‌తో మూస్తే నీళ్లు దిగవు, షీటూ లేవదు. ఫ్రేమ్ ఇనుముదైతే మామూలు టిగ్, మిగ్ మిషన్లతో అల్యూమినియంని దానికి అతికించే ప్రసక్తే లేదు. బోల్టులో రివెట్లో వాడాలి. మధ్యలో రబ్బరు టేపు వేయకపోతే తడి తగిలిన చోటల్లా అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

అపోహ: ఉబ్బిన చోట కాల్చి సుత్తితో కొడితే సరి

ఉబ్బును కొడితే ఆ షీటు ఇంకా సాగుతుంది, ఉబ్బు పెరుగుతుంది. కాల్చడం మరీ ప్రమాదం, ఎందుకంటే అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, చూస్తుండగానే ఊడి పడుతుంది. పొట్టిదైంది బీడ్ కాబట్టి సాగాల్సిందీ అదే. కింద దిమ్మ పట్టి బీడ్ వెంట చిన్న చిన్న దెబ్బలు వేస్తే కొంత వరకు దిగుతుంది. బాగా లేచిపోయిన షీటుకి ఇది పనిచేయదు.

అపోహ: డెలివరీ రోజు బాగుంది, ఎండాకాలంలో లేచింది, వెల్డింగ్ తప్పే

కాకపోవచ్చు. ఆరు మీటర్ల ఫ్లోరు 40 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం ఐదున్నర మి.మీ. సాగుతుంది, కింది ఇనుప ఫ్రేమ్ మూడు మి.మీ. దాకానే సాగుతుంది. ఆ తేడాకి చోటు లేకపోతే షీటు లేవక ఏం చేస్తుంది? బోల్టు బెజ్జాలు కోలగా తీయాలి, షీట్ల మధ్య కాస్త గ్యాపు వదిలి సీలెంట్ నింపాలి. ఆ గ్యాపు సంగతి రేటు మాట్లాడేటప్పుడే ఓనరుకి చెప్పేయండి. లేదంటే ఫిట్టింగ్ సరిగ్గా కుదరలేదని బిల్లులో కోత పెడతాడు.